పెళ్ళినాటి కొలత

"గాలి బయటికి వదులు," అంది రాఘవమ్మ.

సింధూర వదిలింది. అత్తగారు మంచం పట్టెకి కాలు తన్నిపెట్టి, మామగారి పాత పంచె చింపిన గుడ్డని కోడలి నడుం చుట్టూ లాగి ముడేసింది. గుడ్డ కింద బెల్టు. బెల్టు కింద కుట్లు. సింధూర భర్త సతీష్‌బాబు అద్దంలో తల దువ్వుకుంటూ, "ఇంకొక్క పట్టు బిగించమ్మా. ఉయ్యాల ఫంక్షన్‌కి ఫొటోగ్రాఫర్ వస్తున్నాడు," అన్నాడు. నొప్పిగా ఉందా అని అడగలేదు. సిమెంటు ఫ్యాక్టరీ బస్సు చిల్లకల్లు సెంటర్‌కి వచ్చే వేళైందని వెళ్ళిపోయాడు.

బెల్టు అడిగింది సింధూరే. నందిగామ ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశాక, బాత్రూందాకా వెళ్ళి రమ్మని పక్కమంచం గ్రేసీ తన బెల్టు ఇచ్చింది. అది పెట్టుకుని వేసిన ఆ నాలుగడుగులూ సింధూర మర్చిపోలేదు. కోతమీద ఎవరో అరచెయ్యి ఆనించి, నేను పట్టుకున్నాలే, నడువు అన్నట్టుంది. లేచేటప్పుడు, నడిచేటప్పుడు పెట్టుకో, పడుకుంటే తీసెయ్, ఊపిరి బాగా ఆడాలి, ఇది పొట్ట తగ్గడానికి కాదు అని డాక్టరమ్మ చెబుతున్నప్పుడు సతీష్ ఫోన్లో ఉన్నాడు. జగ్గయ్యపేట మందులషాపులో నడుం కొలత అడిగితే ఇరవయ్యెనిమిది అన్నాడట. పెళ్ళికి లెహంగా కుట్టించినప్పటి కొలత. ఆమె పుట్టినరోజు గుర్తుండని మనిషికి కాన్పయ్యాక కూడా ఆ అంకె గుర్తుంది. మళ్ళీ ఆ లెహంగాలోనే ఫొటో దిగాలి, నలుగురిలో నన్ను తలెత్తుకోనియ్ అన్నాడు. స్కూల్లో చేరేలోపు సన్నబడండి మేడం, పిల్లలు నవ్వుతారు అని ఆమె టీచరుగా పనిచేసే స్కూలు కరస్పాండెంటు ఫోన్లో తనే నవ్వాడు. తెచ్చిన బెల్టు అంచులు కలవలేదు. కలవకపోతే మార్చి తేవాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. కలిసేదాకా మనిషిని నొక్కాలని తోచింది. అందుకే పైన పంచె గుడ్డ. దాంతో వంగలేదు. వంగకపోతే బిడ్డకి రొమ్ము అందదు. వాడు ఏడుస్తాడు. పాలు చాలడంలేదని అత్తగారు డబ్బాపాలు కలుపుతుంది.

ఆ పూట రాఘవమ్మ స్నానానికి వేడినీళ్ళ కాగు దించుతుండగా దగ్గు వచ్చింది. కాగు కింద పెట్టి, పొత్తికడుపు రెండు చేతులా పట్టుకుని వంగి దగ్గింది. దగ్గు ఆగాక కూడా చేతులు తియ్యలేదు. సింధూర గదిలోంచి చూసింది. ఇన్నేళ్ళూ చూస్తూనే ఉంది, గ్యాస్ అనుకుంది. ఇప్పుడు తన చేతులూ దగ్గొస్తే సరిగ్గా అక్కడికే పోతున్నాయి.

"అత్తయ్యా, మీకూ అక్కడ కోత ఉందా?"

రాఘవమ్మ కాగు వైపు చూస్తూ చెప్పింది. సతీష్ చిన్నప్పుడు గర్భసంచి తీసేశారు. అప్పుడు పెనుగంచిప్రోలు పొలంలో మిరపకోతలు. కూలీల దగ్గర ఇంటి మనిషి ఉండాలని, కుట్లు ఆరకముందే మామగారు ఆమెను పొలానికి తీసుకెళ్ళారు. మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు కూడా ఎత్తింది. పొట్ట జారింది. జారిన పొట్టకి ఆయనే పేరు పెట్టారు, బస్తా అని. ఇప్పటికీ అలాగే పిలుస్తారు. కాపరానికి వచ్చిన కొత్తలో సింధూర దాన్ని ముద్దుపేరనుకుంది.

"నాకు నడికట్టు కట్టేవాళ్ళు లేకే ఈ పేరొచ్చింది. నీకు రాకూడదనే బిగిస్తున్నా," అంది రాఘవమ్మ.

ఆ చేతుల మీద ఇన్నాళ్ళూ పెంచుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టాలో సింధూరకి ఒక్క క్షణం తెలియలేదు. పెట్టాల్సిన చోటు వరండాలో కూర్చుని పేపరు చదువుతోంది. సింధూర పంచె గుడ్డ ముడి విప్పింది. తర్వాత బెల్టు లాగేసింది. చర్మం మీద ఎర్రటి చారలు. నిండుగా ఊపిరి పీల్చింది. పక్కటెముకలు తమ చోటికి తాము వచ్చి కూర్చున్నట్టనిపించింది. బిడ్డ మీదికి హాయిగా వంగింది. వాడు కడుపునిండా తాగి రొమ్ము వదలకుండానే నిద్రపోయాడు. డబ్బా మూత తియ్యలేదు.

కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి తన నడుం కొలిచింది. వద్దే వద్దే అంటున్నా వినకుండా అత్తగారి నడుమూ కొలిచింది. సతీష్‌కి ఫోన్ చేసింది.

"ఈ బెల్టు సరిపోదండి. ముప్ఫయ్యెనిమిది ఒకటి, నలభై నాలుగు ఒకటి తీసుకురండి."

"రెండెందుకు?"

"రెండోది మీ అమ్మకి."

అతను లెహంగా సంగతి అడిగాడు.

"కాటన్ చీర కట్టుకుంటా. ఫొటోలో పొట్ట పడుతుంది, పడనివ్వండి. మీ కొడుకు అందులోంచేగా వచ్చాడు."

సతీష్ సణుక్కుంటూనే తెచ్చాడు. సింధూర తనది పెట్టుకుని మంచం మీంచి మూలగకుండా లేచింది. గ్రేసీ మంచం పక్కన వేసిన నాలుగడుగులు మళ్ళీ వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నొప్పికి కాదు. రెండోది పట్టుకుని, స్టూలు మీద కూర్చున్న అత్తగారి వెనక నిలబడింది.

"ఊపిరి లోపలికి తీసుకోండి. ఫంక్షన్ అయ్యాక నందిగామ వెళ్దాం, డాక్టరమ్మకి మీ పొట్ట కూడా చూపిద్దాం."

పట్టీ అతుక్కుంది. రాఘవమ్మ అనుమానంగా ఒకసారి దగ్గింది. చేతులు అలవాటుగా పొట్ట మీదికి పోయాయి. అక్కడ వాటికి పనిలేకపోయింది.

"ఏమే బస్తా, కాఫీ," వరండాలోంచి మామగారి కేక.

రాఘవమ్మ లేవలేదు. "ఫ్లాస్కులో ఉంది, పోసుకోండి," అంది.

తర్వాత, దగ్గు రాకపోయినా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఇంకోసారి దగ్గింది.