నీళ్ళు పోసే కాళ్ళు

నేను ఒక రెండు కొమ్ముల ఉక్కు ముక్కను. కొమ్ముల కింద చిన్న కాడ, కాడ చివర బొడిపె. అరచేతి అంచు మీద కొడితే జుమ్మని మోగుతాను. అంతకు మించి నాకొచ్చిన విద్య లేదు. ఆస్పత్రి వాళ్ళు నన్ను ట్యూనింగ్ ఫోర్క్ అంటారు. నా దగ్గరికి వచ్చే జనం మాత్రం ‘ఆ మోగే ఇనుము’ అంటారు. నాకు రెండో పేరే ఇష్టం.

ఒక ఇరుకు షెడ్డులో, ఆకురాయి కింద పుట్టాను. నన్ను చేసినాయన కాస్త రాయడం, చెవి దగ్గర మోగించి వినడం, మళ్ళీ రాయడం, స్వరం కుదిరేదాకా నన్ను వదల్లేదు. అంత కష్టపడి చేస్తే ఏమైంది? వైద్యం చదివే ఒక కుర్రాడి సంచిలో పడ్డాను. పరీక్ష రోజున ఒకసారి మోగించాడు, మిగతా రోజులన్నీ బాదం కాయలు కొట్టుకోవడానికి వాడాడు. ఆ తర్వాత ఒక పెద్ద డాక్టరు బల్ల మీద, ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగరకుండా కూర్చున్నాను. ఆయన వెళ్ళిపోతూ నన్ను డాక్టర్ నాగశ్రీ చేతిలో పెట్టారు. అప్పుడు గానీ నా బతుక్కి ఒక పని దొరకలేదు.

విజయనగరం అవతల చిన్న పట్నంలో ఉంది ఆవిడ ఆస్పత్రి. గురువారం వస్తే షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళు చూస్తుంది. మంటలు, పోట్లు, తిమ్మిర్లు, చీమలు పాకినట్టుండేవి, అన్నీ ఆ రోజే వస్తాయి. నేను మోగుతూ కాలి బొటనవేలి ఎముక మీద నిలబడతాను. మోత తెలిస్తే అక్కడి నరం పలుకుతున్నట్టు, తెలియకపోతే మొద్దుబారినట్టు. నా పని అంతవరకే. నొప్పి సంగతి నాకు తెలియదు.

నొప్పి సంగతి మనుషులకీ అంతంతమాత్రమే. బియ్యానికి తూకం ఉంది, గుడ్డకి కొలత ఉంది, నొప్పికి మాత్రం పడేవాడి నోరే కొలబద్ద. అందుకే డాక్టరమ్మ, ‘నొప్పి అసలు లేకపోతే సున్న, ఓర్చుకోలేనంత ఉంటే పది, నీకెంత?’ అని అడుగుతుంది. రిటైరైన మాస్టారొకాయన ఆరున్నర ఇచ్చి, అర ఎందుకు కోసేశాడో కూడా వివరించాడు. ఇంకొకాయన డాక్టరమ్మ మంచిదని మెచ్చుకుని పదికి పది వేశాడు. ఆయన వేసిన మార్కులు నొప్పికి కావు, ఆవిడకి.

అలాంటి ఒక గురువారం పైడమ్మ వచ్చింది. వెంట కోడలు కుమారి, కుమారి భుజాన నెలల పిల్ల. పైడమ్మ వాళ్ళ వీధిలో పేరున్న మనిషి. ఎవరింట బిడ్డ పుట్టినా ఆమెనే పిలిచేవారు. కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్ళు పోస్తే ఆ బిడ్డ పొద్దు వాలేదాకా లేచేది కాదట. పొయ్యి దగ్గర కాయలు కాచిన చేతుల్ని ఆమె నమ్మేది కాదు. మొదటి చెంబు తన కాళ్ళ మీద పోసుకునేది. కాళ్ళు సరేనంటేనే రెండో చెంబు బిడ్డకి. ఇన్నేళ్ళూ ఆ కాళ్ళు తప్పు చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాయి. సొంత మనవరాలిని పడుకోబెట్టుకుని, అలవాటు ప్రకారం మొదటి చెంబు పోసుకుంది. కాళ్ళు ఏమీ అనలేదు. రెండో చెంబు ముంచేలోపు కుమారి ఆవిరి చూసి పిల్లను లాక్కుంది. సాయంత్రానికి పైడమ్మ మడమ పక్కన బొబ్బ లేచింది. ఆమెకు తెలియనే లేదు.

ఆనాటి నుంచి కుమారి పిల్లను ఇవ్వడం లేదు. ఇవ్వనని అనలేదు. అత్త ముందు ఎలా అంటుంది? ఒకరోజు ముసురన్నది, ఒకరోజు జలుబన్నది, తడిగుడ్డతో తుడిచి ఊరుకుంది. నీళ్ళు పోయడం తనకీ చేతకాదు. పైడమ్మకు అంతా అర్థమైంది, ఆమె కూడా పైకి అనలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఏమీ అనుకోకుండా ఉంటే అంతకంటే పెద్ద పోట్లాట ఏముంటుంది?

ఇవన్నీ నాకు పరీక్ష అయ్యాక తెలిశాయి. అంతకు ముందు తెలిసింది ఒక్కటే. ఆ కాళ్ళు రాత్రుళ్ళు మండుతున్నాయి. మిరపకాయలు నూరి పూసినట్టుందని, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనని, పాదాలు చల్లటి గచ్చుకి ఆనించి కూర్చునే తెల్లవారుస్తున్నానని పైడమ్మ చెప్పింది. నొప్పికి ఎనిమిది ఇచ్చింది. డాక్టరమ్మ ఆమెను కళ్ళు మూసుకోమని నన్ను మోగించి బొటనవేలి మీద పెట్టింది.

“మోగతందమ్మా,” అంది పైడమ్మ.

రెండో కాలు. “మోగతంది.” చీలమండ. “మోగతంది.”

కుమారి గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలింది. నాకు మాత్రం అనుమానం వచ్చింది, డాక్టరమ్మకూ వచ్చినట్టుంది. నన్ను మళ్ళీ మోగించి, ఈసారి గాల్లోనే ఉంచి, వేలి మీద తన బొటనవేలు ఆనించింది. పైడమ్మ అదే ధీమాతో మోగుతోందంది.

పాపం, చెవులతో విని కాళ్ళ తరఫున సాక్ష్యం చెబుతోంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కళ్ళు తెరిపించి తన చేతులు రెండూ చూపించింది. పైడమ్మ కోడలి భుజాన ఉన్న పిల్లను చూసి, తల దించుకుని అంది: “తెలీదని సెప్తే, మా కోడలు గుంటనింక నాకియ్యదు.”

కుమారి ముఖం తిప్పేసుకుంది. అప్పుడే బొబ్బ సంగతీ, తుడిచిన గుడ్డల సంగతీ బయటికొచ్చాయి.

డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ మాత్రలు మంటను తగ్గిస్తాయి, అదీ మెల్లగా. పోయిన స్పర్శను తెచ్చిపెట్టవు. షుగర్ అదుపులో ఉంచుకోవాలి, రోజూ అరికాళ్ళు చూసుకోవాలి. తర్వాత వేరే ప్రశ్న వేసింది. మంట తగ్గితే ముందుగా ఏం చేయాలనుంది?

“గుంటని కాళ్ళ మీదేసుకొని నీళ్ళు పోత్తాను. ఇంకేటి కావాలమ్మా నాకు?”

“అయితే ఆ రోజే మందు పనిచేసినట్టు లెక్క,” అంది డాక్టరమ్మ. “పదికి ఎంతో తర్వాత చూద్దాం.”

మళ్ళీ వచ్చినప్పుడు పైడమ్మ గుమ్మంలోనే రెండు అని ప్రకటించింది. పిల్ల కోసం తొందర, పైగా మందిచ్చిన మనిషిని చిన్నబుచ్చడం ఎందుకన్న మర్యాద. కుమారి మాత్రం, అత్త ఇంకా గచ్చు మీదే తెల్లవారుస్తోందని నెమ్మదిగా చెప్పేసింది. పైడమ్మ కోడలి వంక చూసిన చూపుకి నా ఉక్కు వేడెక్కింది. డాక్టరమ్మ మాత్రం నవ్వి, మీ అత్త కంటే నువ్వే మంచి కొలబద్దవని చెప్పి, మోతాదు కొంచెం పెంచింది. మగతగా ఉంటే పైడమ్మను ఒంటరిగా లేచి తిరగనివ్వొద్దంది. ఆ పూట వాళ్ళిద్దరూ వేర్వేరు బెంచీల మీద కూర్చుని మందుల కోసం ఎదురుచూశారు.

ఆ తర్వాతి రాక నాకు బాగా జ్ఞాపకం. పైడమ్మ ముఖం వేలాడేసుకుని కూర్చుంది. ఎంత అని అడిగితే, ఏదో తప్పు చేసినదానిలా, “నాలుగమ్మా. సున్న అవనేదు,” అంది.

కుమారి ఆగలేకపోయింది. “మొన్న పొద్దున్న ఈవిడ లెగనేదు డాట్రమ్మా. సూస్తే దుప్పటి పీక దాకా ఉన్నాది, కాళ్ళు కూడా లోపలే ఉన్నాయి. ఎప్పుడూ కప్పుకోని మనిషి. నా గుండె ఆగిపోయింది. అత్తా, అత్తా అని కుదిపీసినాను. కళ్ళు తెరిసి, ‘ఏటే, పడుకోనియ్యవా’ అని కసిరింది.” చెబుతూ చెబుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “కసిరితే ఎంత బాగున్నాదో.”

ఎనిమిది నాలుగైతే తమ లెక్కలో గెలుపేనని, సున్న ఎవరికోగాని రాదని డాక్టరమ్మ చెప్పింది. పైడమ్మ ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుంది. ఇక నా వంతు. ఈసారి ఆమె తన రెండు వేళ్ళూ చెవుల్లో తనే పెట్టుకుంది. బొటనవేలి మీద నిలబడ్డాను. తల అడ్డంగా ఊపింది. చీలమండ మీదా అంతే. మోకాలి కింద ఎముక మీద పెట్టగానే, “ఇక్కడున్నాది,” అని గట్టిగా చెప్పింది. వేలికి స్పర్శ లేదన్న చెడ్డ కబురు మోసింది నేనే. అయినా ఎవరూ నన్ను తిట్టలేదు. నిజం చెప్పిన గదిలో అందరి భుజాలూ కాస్త దిగాయి.

పైడమ్మ మెల్లగా పాదాలు చీరలోకి లాక్కుంది. కుమారి చూసింది. పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుంది.

“ఏన్నీళ్ళల్లో సన్నీళ్ళు కలిపి నాను తొలుపుతానత్తా,” అంది. “మోచెయ్యి ముంచి సూత్తాను. నాను సరేనంటేనే నువ్వు పొయ్యి.”

పైడమ్మ వెంటనే ఒప్పుకోలేదు. అత్త కదా. “నీళ్ళు తొలపడం నీకేటొచ్చు?” అంది.

“నువ్వే నేర్పు.”

ఆ రోజు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

నన్ను పక్కన పెట్టేస్తారని ఈ మధ్య వింటున్నాను. అంకెలు చూపించే కొత్త యంత్రం ఒకటి వస్తుందట. రానీ. బాదం కాయలు కొట్టినదాన్ని, కాగితాలు కాసినదాన్ని, ఇంకో సొరుగు నాకు లెక్కా? కానీ ఆ పోయిన గురువారం సంగతి చెప్పకుండా సొరుగులోకి వెళ్ళను.

వాళ్ళు వచ్చేసరికి గదంతా సాంబ్రాణి వాసన. పిల్ల బుగ్గన దిష్టిచుక్క, ఒళ్ళంతా నిగనిగ, పెదవి కింద పాలచార, ఒళ్ళు మరిచిన నిద్ర. పైడమ్మ అంకె చెప్పలేదు, డాక్టరమ్మ అడగలేదు. నా పరీక్ష అయ్యాక పైడమ్మ, “ఒక్కసారి దానికీ పెట్టమ్మా,” అంది. డాక్టరమ్మ నన్ను మెల్లగా మోగించి ఆ చిన్న అరికాలికి ఆనించింది. అయిదు వేళ్ళూ ఒక్కసారిగా ముడుచుకున్నాయి. నిద్రలోనే కాలు వెనక్కి లాక్కుంది.

“తెలస్తంది,” అంది పైడమ్మ. కుమారి నవ్వింది.

ఆ నవ్వుల్లో పడి డాక్టరమ్మ నన్ను తుడవడం మరిచిపోయింది. నా బొడిపెకి ఇంకా నువ్వులనూనె అంటుకునే ఉంది.