తవుడుకు కొన్న పుస్తకం

పాత పుస్తకాన్ని వెన్ను పట్టుకుని తలకిందులుగా దులిపితే ముందు దుమ్ము రాలుతుంది, తర్వాత పురుగులు, ఆ తర్వాత మనుషులు. కనకవల్లి డాబా మీద పీట వేసుకుని ఆ పనే చేస్తోంది. ఎవరిదో నెరిసిన వెంట్రుక, ఎండిన తమలపాకు తునక, సగం చింపిన సినిమా టికెట్టు, పసుపంటిన దారం. రాలినవన్నీ చేటలోకి తోస్తుంది గాని వాటివంక చూడదు. పొడిగుడ్డతో అట్టలు తుడిచి, పేజీల మధ్య వేపాకు పెట్టి, ఎండ తగిలేట్టు ఇటుకల మీద వరసగా నిలబెడుతుంది. లోపలి అట్ట మీద రాసి ఉన్న పేర్లు మాత్రం పైకి చదవదు. పోయినవాళ్ళ వస్తువు చేతిలో పెట్టుకుని వాళ్ళ పేరు పలికితే, పిలిచినట్టే కదా.

సగం పుస్తకాలు చావు ఇళ్ళ నుంచే వస్తాయి మరి. పెద్దకర్మ అయ్యాక మంచం ఒకరికి, చేతికర్ర ఒకరికి ఇచ్చేసి, పుస్తకాలు ఏం చేయాలో తోచక జగ్గయ్యపేటలో కుటుంబరావుగారి అమ్మాయి కొంటుందట అని ఆటోలో వేసి పంపిస్తారు. కనకవల్లి కూతురు మహతి వాటిని దుప్పటి మీద పెట్టి ఫొటోలు తీసి కంప్యూటర్లో ఎక్కిస్తుంది. ఎక్కడో ఒకరు చూసి కావాలంటారు. డిగ్రీ అయి ఉద్యోగం దొరక్క తన పాత పుస్తకాలే అమ్ముకుందామని మొదలుపెట్టిన పని, ఏడాది తిరిగేసరికి వ్యాపారమైంది. పేటలో కూర్చుని కర్నూలు వాళ్ళకు అమ్మడమేంటని మొదట నవ్విన కుటుంబరావు కూడా ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్తూ వెళ్తూ పోస్టాఫీసులో పార్సిళ్ళు ఇచ్చి వెళ్తున్నాడు. దులపడం, తుడవడం, గుడ్డలో పెట్టి కుట్టడం కనకవల్లి పని. ఆ దుమ్ములో ఏ రోగముందో, ఏ ఇంటి ఏడుపుందో పిల్లకు తగలకూడదని అడిగి మరీ తీసుకుంది.

"అమ్మా! పార్సిలు వాపసొచ్చింది!" కింద నుంచి పోస్ట్‌మాన్ సొలొమోను కేక.

కనకవల్లి చేతిలో పుస్తకం అక్కడే పెట్టేసి లేచింది. మెట్లు దిగుతూనే గుర్తుపట్టింది. తన చేత్తో కుట్టిన కుట్టే. గుడ్డ మీద అడ్డంగా ఎర్ర సిరాతో ఒకే మాట రాసి ఉంది. చనిపోయినారు.

"మళ్ళీ అదేనా?"

"అదేనమ్మా. మొన్న గుడివాడ, ఇప్పుడు అనకాపల్లి. ఆర్డరైతే పెడతారు గాని, టపా చేరేలోపు వాళ్ళే టపా కట్టేస్తన్నారు." నవ్వబోయిన సొలొమోను ఆమె మొహం చూసి ఆపేశాడు. "ఊరికే అన్నాలేమ్మా. సంతకం పెట్టండి."

అది పెద్ద లావు పుస్తకమేమీ కాదు. పెరటి తోటల పెంపకం గురించి ఎప్పుడో అచ్చయింది. ఆకుపచ్చ కాలికో గుడ్డ అట్ట, మూలలు అరిగి లోపలి గట్టి కాగితం బయటపడింది. వీరులపాడు నుంచి వచ్చిన మూటలోది. మూట దించినవాళ్ళు, ఆఖరి రోజున కూడా వాళ్ళ పెద్దాయన పక్కలో ఇదే ఉందని చెప్పారు. అప్పుడే వద్దనాల్సింది. అనలేదు.

మహతి కుట్లు కత్తిరించి పుస్తకం బయటికి తీసింది. "మంచిదే అయిందిలే. నందిగామ నుంచి ఒకావిడ ఇదే కావాలని నిన్న ఆర్డరు పెట్టింది. భారతీదేవి. వేరేవాళ్ళకు పంపేశాం, వాపసొస్తే ఇస్తానన్నా."

"వద్దే."

"ఎందుకొద్దు?"

"ఇద్దరు పోయారు. పుస్తకం చేతికందక ముందే పోయారు. కావాలని అడిగితే చాలే తల్లీ దానికి."

"పాత పుస్తకాలు కొనేదెవరమ్మా? పెద్దాళ్ళు. పెద్దాళ్ళు పోరా? నీ భయాలన్నీ కంప్యూటర్లో పెడితే పుస్తకాలకంటే బాగా అమ్ముడుపోతాయి." మహతి పుస్తకం తెరిచి గోడకు చేరగిలబడింది. "పోనీ నేనే చదువుతా. చూద్దాం ఏమవుద్దో."

కనకవల్లి ఆ చేతి మీద కొట్టింది. ఇరవై మూడేళ్ళలో ఆ పిల్ల మీద చెయ్యి పడింది లేదు. పడుకున్నప్పుడు ఇప్పటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే తల్లి ఆమె.

మహతికి ముందు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. మూడో కాన్పుకు పెద్దవాళ్ళు చెప్పినట్టు, బొడ్డు కోయగానే పిల్లను పక్కింటి బేబికి చేటెడు తవుడుకు అమ్మేశారు. కన్నతల్లి బిడ్డ కాదు, కొనుక్కున్న బిడ్డ. వెతుక్కుంటూ వచ్చేదానికి అడ్రసు దొరకదు. బేబి ఇంట్లో గేదె ఉంది గనక తవుడుకు కొదవ లేదు. ఇప్పటికీ మహతి ఏదైనా అల్లరి మాటంటే, "నా సొమ్మేనే నువ్వు, నోరు మూసుకో" అంటుంది బేబి.

కనకవల్లి గోడ మీదుగా బేబిని పిలిచి దోసెడు తవుడు అడిగింది. విషయం విని బేబి నోరు నొక్కుకుంది.

"పిల్లలకంటే విన్నాం గాని పుస్తకానికేంటి కనకవల్లమ్మా?"

"ఇది మహతి సరుకు. మహతి పేరు మీద ఉన్నంతసేపు నాకు ఊపిరాడదు. మహతీ, ఇలా కొంగు పట్టవే. పుస్తకం నాకిచ్చి, అమ్మేశానని చెప్పు."

మహతి చెయ్యి ఇంకా రుద్దుకుంటూనే ఉంది. కొంగు లేదు కాబట్టి చున్నీ పట్టింది. తవుడు పడింది. "అమ్మేశా. అయిపోయిందా? ఇక కాఫీ ఇస్తావా?"

"అయితే ఇక మీదన్నమాట ఇది," అంది బేబి నవ్వుతూ.

"నాదెందుకవుద్ది? ముందు ఆ నందిగామావిడ చేత వద్దనిపించనీ. తర్వాత ఏ గుళ్ళోనో పెట్టొస్తా." పొయ్యిలో పెట్టడానికి చేతులు రావు. కాగితానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకునే ఇల్లది.

నందిగామకు ఫోన్ చేశారు. మోగింది, ఎవరూ తీయలేదు. మళ్ళీ చేశారు. ఊరికే మోగుతూనే ఉంది. ఆ మోతను వింటూ కనకవల్లి ఖాళీ ఇల్లు చూసింది, నేల మీద పడి ఉన్న మనిషిని చూసింది, చుట్టూ చేరిన చీమల్ని కూడా చూసింది. ఇక నిలబడలేకపోయింది. చీర మార్చుకుని, పుస్తకం గుడ్డసంచీలో వేసుకుని బయల్దేరింది. ఇంట్లో వదిలితే మహతి తెరుస్తుంది. అందుకే వెంట తీసుకుంది.

"ఫోన్ తీయకపోతే బస్సెక్కి పోతారా ఎవరైనా?" అంది మహతి గుమ్మంలో నిలబడి.

"గడియ పెట్టుకో. గ్యాసు కట్టెయ్. బెల్లు కొడితే కిటికీలోంచి చూసి తియ్."

బస్సులో ఆమె ఎప్పుడూ ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంటుంది. హైవే మీద ఎదురొచ్చే ప్రతి లారీ తనవైపే వస్తున్నట్టుంటుంది. చిల్లకల్లు దాటాక రోడ్డు పక్క పత్తి చేలు తెల్లగా పరుచుకుని ఉన్నాయి. ఎంత దూరం చూసినా ఒక్క మనిషి లేడు. ఇంత పత్తి విరగకాస్తే ఏరేవాళ్ళంతా ఏమయ్యారో అనుకుంది. ఒళ్ళో సంచీ బరువెక్కుతున్నట్టుంది. సంచీ కింద తొడ చల్లబడింది, కుండ పెట్టుకున్నట్టు.

భారతీదేవి ఇల్లు నందిగామ బస్టాండు వెనక వీధిలో, చివర. గేటు తీసే ఉంది. వీధి తలుపూ తీసే ఉంది. లోపల ఫ్యాను తిరుగుతోంది, కుర్చీ మీద తుండు కదులుతోంది, మేజా మీద ఫోన్ మోగుతోంది. మహతే చేస్తూ ఉండాలి. ఎవరూ తీయడం లేదు.

"ఏమండీ," అంది కనకవల్లి. తలుపు తట్టింది. "ఏమండీ, భారతీదేవిగారూ."

ఫోన్ ఆగింది. ఫ్యాను చప్పుడు మిగిలింది. లోపలికి అడుగు పెట్టాలంటే కాళ్ళు రాలేదు. పెట్టకుండా తిరిగి వెళ్ళాలన్నా రాలేదు. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎవరూ? ఇటు రండి, పెరట్లో ఉన్నా!"

ఇంటి పక్క సందులోంచి, ఆకుల కింద నుంచి వచ్చిందా గొంతు. పందిరి కింద అరవై దాటిన మనిషి, చీర పైకి దోపుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, చేతులనిండా మట్టితో. బతికే ఉంది. కనకవల్లికి ఏడుపొచ్చినంత పనైంది.

"పేట నుంచొచ్చా. మా అమ్మాయే పుస్తకాలమ్మేది. మీరడిగిన పుస్తకం తడిసి పాడైపోయిందండీ. ఇవ్వడం కుదరదని చెబ్దామని."

"అయ్యో, ఆ మాట చెప్పడానికి బస్సెక్కి వచ్చారా? ఫోన్లో చెప్తే పోయేదిగా!"

"ఫోన్ తీయలేదండీ మీరు."

"ఈ పందిట్లోకొస్తే నాకు ఏదీ వినపడదు. అయినా తడిస్తే ఏమైందండీ? ఎండబెట్టుకుంటా. చిన్నప్పుడు మా ఇంట్లో ఉండేదది. దాంట్లో చూసే మా నాన్న పాదులు పెట్టేవారు." ఆమె చూపు సంచీ మీద ఆగింది. బట్ట పలచన, ఆకుపచ్చ అట్ట మూల కనిపిస్తోంది. "అదిగో, అదేగా?"

కనకవల్లి సంచీని పొట్టకు అదుముకుంది. "ఇది నాదండీ."

"మీదా?"

"నేను కొనుక్కున్నా. ఇచ్చేది కాదు." ఒక అడుగు వెనక్కి వేసింది. "మీరు వద్దనండి. ఒక్కసారి నోటితో నాకొద్దని చెప్పండి, వెళ్ళిపోతా."

భారతీదేవి ఆమెను తేరిపార చూసింది. వయసులో చిన్నదే, కళ్ళ కింద నలుపు, చెమటతో మెడకు అంటుకున్న పసుపుతాడు. ఎక్కడో ఏదో దెబ్బ తిన్న మనిషి అనుకుంది కాబోలు, గొంతు మెత్తబడింది.

"సరేలేమ్మా. నాకొద్దు. మీరే ఉంచుకోండి."

"ఉంచుకుంటానండీ," అంది కనకవల్లి.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. పందిరి మీద అంతవరకు అరుస్తున్న పిట్టలు అరవడం మానాయి. గాలి లేదు, ఆకు కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో ఎవరో తన వెనక నిలబడి, సరే అన్నట్టు తలూపి, ఒక అడుగు దగ్గరగా జరిగినట్టనిపించింది. వెనక్కి తిరిగి చూసింది. సందు ఖాళీగా ఉంది.

చిత్రం, భయం వేయలేదు.

"అంత దూరం నుంచొచ్చి వట్టి చేతులతో పోతారా?" అంటూ భారతీదేవి పందిరికి వేలాడుతున్న సొరకాయను తొడిమతో కోసి ఇచ్చింది. అలవాటు చొప్పున కనకవల్లి దాన్ని గోటితో నొక్కి చూసింది. ఆవిడ పకపకా నవ్వింది.

"లేతదేనమ్మా! నా పెరటి కాయను నా ముందే గిచ్చి చూస్తావా?"

కనకవల్లి కూడా నవ్వింది. సిగ్గేసింది. మంచినీళ్ళు అడిగి తాగింది. మజ్జిగ ఇస్తానంటే వద్దంది.

బస్టాండులో రూపాయి వేసి మాట్లాడే ఫోన్ నుంచి ఇంటికి చేసింది. "ఆవిడ నిక్షేపంగా ఉందే. తోటపని చేసుకుంటంది. వద్దంది."

"చూశావా? నే చెప్పలా? నువ్వూ నీ తవుడూను," అంది మహతి. మాటలో కోపం లేదు. "ఎండలో తిరక్కుండా త్వరగా రా. పప్పు నేనే వండేశా. ఇంకా ఏమన్నా చెప్పాలా?"

ఏదో చెప్పాలి. రోజూ చెప్పేదే. వెతికింది, దొరకలేదు. "ఏం లేదమ్మా. బాగుండు," అని పెట్టేసింది.

బస్సు సగం ఖాళీ. కిటికీ పక్కన కూర్చుంది. దొంగలకు భయపడి సంచీ కాడలు మణికట్టుకు చుట్టుకునే అలవాటు, చుట్టుకుంది. సొరకాయ సంచీలో పట్టక పక్కన పెట్టింది. బస్సు లారీని దాటింది, ఎదురుగా ఇంకో లారీ హారన్ కొడుతూ మీదికొచ్చింది, వెనక సీట్లో ఎవరో "ఓరి నాయనో" అన్నారు. కనకవల్లి చేతులు ఒళ్ళోంచి కదల్లేదు. ఇంత హాయిగా బస్సులో కూర్చోవడం ఎప్పుడూ ఎరగదు. చిన్నప్పటి నుంచీ పొట్టలో ముడేసుకుని ఉన్నదేదో విడిపోయింది. మహతి వండిన పప్పులో ఉప్పు వేసిందో లేదో అనుకుంది. పత్తి చేలు మళ్ళీ వచ్చాయి. ఈసారి వాటినిండా మనుషులు. వరసలు వరసలుగా నిలబడి, ఎవరూ పత్తి ఏరడం లేదు, అందరూ రోడ్డు వైపే చూస్తున్నారు. అందులో ఒకావిడ చంకలో ఇద్దరు పసివాళ్ళున్నారు. కనకవల్లి వాళ్ళను చూద్దామని కిటికీకి తల ఆనించింది.

చిల్లకల్లు దగ్గర బస్సు హైవే దిగి పేట వైపు తిరిగింది. ఆ మలుపులో ఆమె తల కిటికీ కమ్మీకి తగిలి మళ్ళీ అలాగే ఆగింది.

పేట బస్టాండులో అందరూ దిగారు. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. "అమ్మా, పేటొచ్చింది. నిద్రపోయారా?" భుజం తట్టాడు. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని డ్రైవరును పిలిచాడు. పూల కొట్టు ఆవిడ ఒకతె ఎక్కి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మొహం చూడండి, నవ్వుతున్నట్టే లేదూ," అంది. నలుగురు పట్టి దించారు. మణికట్టుకు చుట్టిన కాడలు ఎంత లాగినా రాలేదు. సంచీ ఆమెతోనే దిగింది.

బస్సు మళ్ళీ నందిగామ వెళ్ళే వేళయింది. జనం ఎక్కుతున్నారు గాని కిటికీ పక్కన ఆ సీట్లోకి ఎవరూ జరగలేదు. ఎండ పడుతున్న ఆ సీటు మీద లేత సొరకాయ ఒకటి ఉంది. గోరు దిగిన చోట సన్నటి నెలవంక, ఇంకా తడిగానే ఉంది.