బాయిలర్ శ్రుతి

పలాసలో జీడిపప్పుకు పొట్టు తీసే ఐదుగురు ఆడవాళ్లు జూన్‌లో ఒక ఆల్బమ్ విడుదల చేశారు. పేరు 'బాయిలర్'. ఎనిమిది పాటలు. గొంతులు వాళ్లవి, మిగతాదంతా సింథసైజర్. కాశీబుగ్గలో పెళ్లిళ్లకు కీబోర్డు వాయించే కార్తికేయ తన మేడ మీది గదిలో రికార్డు చేశాడు.

బృందానికి పెద్ద పైడితల్లి. వయసు యాభై ఎనిమిది. సింథసైజర్ ఆలోచన ఆమెదే. పాటకు డప్పు చాలని కార్తికేయ అన్నప్పుడు ఆమె అతణ్ని జీడి పరిశ్రమ షెడ్డులోకి తీసుకెళ్లి, పిక్కలు ఉడికించే బాయిలర్ పక్కన నిలబెట్టింది.

"ఇంటన్నావా బావూ, ఈ గుయ్యిమనీ సప్పుడు? పదిహేనేళ్ల నుంచి దీనిమీదే పాడతన్నాం. దీన్ని నీ పెట్లోకి తే."

"ఇది ఐదున్నర శ్రుతి పిన్నీ."

"ఏదైనా అవనీ. తే."

ఆ శ్రుతి మీదే ఎనిమిది పాటలూ కట్టారు. గాజుల చప్పుడు మైకులో పడుతోందని కార్తికేయ గాజులు తీయమన్నాడు. పునిస్త్రీలం, తీయం అన్నారు వాళ్లు. ముంజేతులకు గుడ్డలు చుట్టుకుని పాడారు. గొంతు జారిన చోట అతను కంప్యూటర్‌లో సరిచేశాడు. బృందంలో అందరికంటే చిన్నదైన దేవి తన పాట విని, "ఒలమ్మా, ఇది నానేనేటి? సినేమాదానిలాగున్నాను," అంది.

జులైలో ఫణీంద్ర పలాస వచ్చాడు. రిటైరయిన తెలుగు మాస్టారు, టెక్కలిలో ఒక జానపద కళా సంఘానికి కార్యదర్శి. పన్నెండేళ్లుగా ఈ బృందాన్ని వేదికలెక్కిస్తున్నది ఆయనే. ఆయన ఉత్తరం రాయనిదే విజయనగరంలో గానీ విశాఖలో గానీ వీళ్లను ఎవరూ పిలవలేదు.

"పైడితల్లమ్మా, ఆగస్టు ఉత్సవంలో మీ పేరు వేశాం. ఆ కీబోర్డు మాత్రం వద్దు. ఎప్పట్లాగే రాయి ముందు కూర్చుని, కర్రతో జీడిపిక్కలు కొడుతూ పాడండి. జానపదమంటే అది."

"ఆ కర్రలు ఎవరివి మాస్టారూ?"

"సంఘానివి."

"మరి? మీ బీరువాలోంచి తీసి మా సేతిలో ఎడతారు. పాటయిపోతే మళ్లీ బీరువాలో దాసేత్తారు. మిషన్లొచ్చి పదిహేనేళ్లయింది. మా దేవికి ఆ కర్ర ఎలా పట్టాలో మీరే నేర్పినారు. పన్నెండేళ్లు మీకోసం నాటకమాడినాం. ఇంక ఆడం."

"కీబోర్డుతో ఎక్కితే ఇకమీదట మీ పేరు ఎవరికీ రాయను."

"రాయకండి. ఎక్కడం మటుకు ఎక్కుతాం."

ఉత్సవం రోజున ఐదుగురూ, కార్తికేయా బస్సులో టెక్కలి వెళ్లారు. నాలుగు గంటలకు వాళ్ల పేరు పిలిచారు. వేదిక మీద ఐదు రాళ్లు, ఐదు కర్రలు పెట్టి ఉన్నాయి. దేవి వాటిని ఒక మూలకు చేర్చింది. కార్తికేయ కీబోర్డు మీట నొక్కాడు. శ్రుతి వచ్చింది. పది సెకన్లలో ఆగిపోయింది. మెట్ల కింద ఉన్న కీబోర్డు ప్లగ్గును ఫణీంద్ర పీకించాడు. మైకులు మాత్రం పనిచేస్తున్నాయి.

"పాడండమ్మా," అన్నాడాయన కింది మైకులో. "మీ గొంతుకి కరెంటెందుకు?"

జనం చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు పాడితే ఆయన అడిగిన పాటే అవుతుంది. దిగిపోతే మరో బృందం ఎక్కుతుంది. పైడితల్లి వేదిక మధ్యలో కూర్చుంది.

"కూకోండే," అంది.

కూర్చున్నారు. దేవి ఆమె చెవి దగ్గరకు వంగింది.

"పాడీద్దామే అత్తా. అందరూ సూత్తన్నారు."

"సూడనీ. నోరిప్పినావంటే సంపేత్తాను."

ఐదు నిమిషాలకు ఈలలు మొదలయ్యాయి. ముందు వరసలో ఒకడు లేచాడు.

"ఏటమ్మా, పాట మర్సిపోనారా?"

పైడితల్లి మైకు అందుకుంది. "మర్సిపోనేదు బావూ. మా శ్రుతి పీకీసినారు. పెడితే పాడతాం."

ఫణీంద్ర పైకి వచ్చాడు. "మీ అమ్మ దేని మీద పాడిందమ్మా?"

"కర్ర మీద పాడింది. కర్రతో పనిసేసింది గనక. నాను బాయిలరుకాడ పనిసేత్తన్నాను."

ఆయన దిగిపోయాడు. పంతొమ్మిది నిమిషాలు గడిచాయి. తర్వాతి అంశం ఎగిరి ఆడే తప్పెటగుళ్లు. ఆ బృందానికి పెద్ద బంగారయ్య. మెట్ల మీద పద్నాలుగు మంది కాళ్లకు గజ్జెలు, రొమ్ముకు గుండ్రటి తప్పెటలు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"మీరు ఎక్కండి బంగారయ్యా," అన్నాడు ఫణీంద్ర. "వాళ్లే దిగుతారు."

"ఆడోళ్ల మీద ఎగరమంతారేటి మాస్టారూ?"

బంగారయ్య మెట్లు దిగి ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేనా బావూ?"

కార్తికేయ తల ఊపాడు. బంగారయ్య ప్లగ్గు పెట్టాడు.

"పాడీయే అప్పా, బేగి. గజ్జెలతో నిలబడి కాళ్లు పీకేత్తన్నాయి."

శ్రుతి వచ్చింది. ఫణీంద్ర ప్లగ్గు వైపు రెండడుగులు వేశాడు. పద్నాలుగు మందీ మెట్లు దిగి దాని ముందు నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు.

"పెంచు బావూ," అంది పైడితల్లి.

కార్తికేయ పెంచాడు.

"ఇంకా. సెడ్డులో ఎంతుంటాదో అంత."