మొదటి పేజీ బొమ్మ

పోర్ట్‌ఫోలియో అన్న మాట నాన్న నోటికి ఎంతకీ పట్టుబడలేదు. అడిగిన వాళ్ళందరికీ "మా బుజ్జమ్మ ఆల్బమ్ చేస్తోంది" అని చెప్పుకొచ్చాడు. పెళ్ళెప్పుడని వాళ్ళు అడగడం, ఈయన తెల్లమొహం వేయడం. బల్లలకీ బీరువాలకీ లక్క పాలిష్ పట్టే మేస్త్రి ఆయన. పాత చెక్కని అద్దంలా మెరిపించమంటే మెరిపిస్తాడు గాని, కూతురు చదవబోయే చదువేమిటో చెప్పమంటే ఆయన తరం కాదు.

చిత్రకళాశాలకి పంపాల్సిన బొమ్మలవి. వాళ్ళకి నచ్చితే సీటు. నచ్చకపోతే మళ్ళీ ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని, పెళ్ళికూతుళ్ళ మొహాలు తెల్లగా చేసుకుంటూ బతకడమే.

ఆదివారం పొద్దున డ్రాయింగ్ మాస్టారు ఇంటికొచ్చి, గదిలో నేలంతా పరిచిన బొమ్మల మధ్య జాగ్రత్తగా అడుగులు వేశాడు. ఆయనకి మొహమాటం అన్నది పుట్టుకతోనే లేదు.

"ఈ పూలూ, ఈ సాయంకాలాలూ తీసి అటకెక్కించు. ఇవి ఎవరైనా వేస్తారు."

రంగుల బొమ్మలన్నీ అలా ఎగిరిపోయాయి. మిగిలినవి బొగ్గుతో గీసినవి. మంచం పట్టిన అమ్మ పక్కన కూర్చుని, ఆమె పోయేదాకా గీస్తూనే ఉన్న బొమ్మలు. కొన్నింట్లో నిద్రపోతోంది, కొన్నింట్లో గోడవైపు తిరిగి ఉంది, కొన్నింట్లో ముక్కుకి గొట్టం. ఒక్కదాంట్లో మాత్రం నవ్వుతోంది. ఆ రోజు నాన్న జడ వేయబోయి దువ్వెనతో యుద్ధం చేస్తుంటే, "నా తల బల్లనుకున్నావా, అలా రుద్దుతున్నావ్?" అని అమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. బుజ్జమ్మ చేతిలో అప్పటికే బొగ్గు ఉంది కాబట్టి సరిపోయింది.

మాస్టారు వంగి ఆ బొమ్మని రెండు చేతులా పైకి తీశాడు.

"ఇది మొదటి పేజీలో పెట్టమ్మా. ఇది చూసినవాడు మిగతావి చూడకుండా లేవలేడు."

బొగ్గు బొమ్మతో ఒక తంటా ఉంది. పైన బొగ్గుని పట్టి ఉంచే మందు కొట్టకపోతే వేలు తగిలినా చెరుగుతుంది. ఊపిరే అందని మనిషి ఉన్న ఇంట్లో ఆ ఘాటు మందు ఎలా కొడతారు? అమ్మ పోయాకేమో బుజ్జమ్మకి మనసు రాలేదు. ఇంక ఇంట్లో ఏ వాసనైనా రావచ్చు అనుకోవడమే ఆమెకి పెద్ద ద్రోహంలా తోచింది. పల్చటి కాగితాల మధ్య పెట్టి అలాగే దాచుకుంది.

మాస్టారు వెళ్ళాక నాన్నతో అంది. "రేపు వస్తూ స్ప్రే డబ్బా తెస్తాను. పెద్ద విద్యేం కాదు నాన్నా, నీ లక్క లాంటిదే. పైన పట్టిందంటే ఇంక చెరగదు."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

మర్నాడు డబ్బా పట్టుకుని వచ్చేసరికి నాన్న గోడకి జారబడి కూర్చున్నాడు. పక్కన లక్క సీసా, దూది చుట్టిన మెత్తటి గుడ్డ. ఒళ్ళో ఆ మొదటి పేజీ బొమ్మ. గుడ్డని లక్కలో ముంచి సున్నాలు చుడుతూ తిప్పడం ఆయన పనితీరు. అమ్మ మొహమంతా ఆ సున్నాలే ఉన్నాయి, నల్లగా. చెవీ, దానికున్న కమ్మా మాత్రం మిగిలాయి.

"మొదటి చుట్టుకే మసకేసింది," అన్నాడు తలెత్తకుండా. "చెక్క మీదా ముందు అలాగే మసకేస్తుంది. ఇంకో రెండు చుట్లు పడితే తేటపడుతుంది. తేటపడుతుందనే ఇంకాస్త పట్టాను."

"మిగతావి?"

"ముట్టుకోలేదు. ముందు దీన్ని పదిలం చేద్దామనుకున్నాను."

బుజ్జమ్మకి ఒళ్ళు మండింది. నిన్నెవరు చెయ్యమన్నారని అరవడానికి నోరు తెరిచింది. ఆయన కళ్ళు తుడుచుకున్న చోటల్లా మసి అంటి ఉంది. అది చూసి లక్క సీసాకి మూత పెట్టేసింది.

"మళ్ళీ గీయొచ్చా అమ్మా?" అన్నాడు.

"గీస్తాను."

కళాశాలకి పంపే కవరు మర్నాటి సాయంత్రానికల్లా వెళ్ళాలి. స్టూడియోకి సెలవు పెట్టి పొద్దున్నే కూర్చుంది. నుదురు వచ్చింది. కళ్ళు వాటంతటవే వచ్చాయి. నోటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అమ్మకి పన్ను మీద పన్ను ఉండేది. నవ్వితే ఒక పక్క తొంగిచూసేది. అదంటే సిగ్గుపడి ఏ ఫోటోలోనూ పెదవి విప్పేది కాదు.

"నాన్నా, అమ్మ పన్ను ఏ పక్క?"

"ఎడమ," అన్నాడు తడుముకోకుండా.

"నాకు కుడి అని గుర్తు."

"కుడి పక్కా?" చెయ్యెత్తి తన దవడ మీద పెట్టుకున్నాడు. తీసి రెండో పక్కన పెట్టుకున్నాడు. అమ్మ మంచం మీద కూర్చుని, ఆమె తిరిగినట్టే కిటికీవైపు తిరిగి చూశాడు. లేచి, తను నిలబడే చోట నిలబడ్డాడు. "అన్నం పెడుతూ నవ్వేది కదా. ఇటు... ఉండు, ఇటు." ఆ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "ఇన్నేళ్ళు కాపురం చేశానే," అన్నాడు.

బుజ్జమ్మ కుడి పక్క గీసి చూసింది. ఎవరో పరాయి మనిషి. చెరిపి ఎడమ పక్క గీసింది. ఆవిడా పరాయి మనిషే.

చివరికి పెదవులు కలిపేసింది. నాన్న ఆ కాగితాన్ని అంచులు మాత్రమే పట్టుకుని వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాడు.

"అచ్చం ఫోటోలో ఉన్నట్టే ఉంది," అన్నాడు.

ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. బుజ్జమ్మ ఆ బొమ్మని మొదటి పేజీలో పెట్టి, కవరుకి జిగురు రాస్తూ వెక్కివెక్కి ఏడ్చింది.