అక్క అల్లిన చెయ్యి

తలలో తెల్లవెంట్రుకలు తొంగిచూస్తున్నా ఇంట్లో అందరికీ ఆమె ఇంకా చిన్నదే. రికార్డు చేసిన పుస్తకాలు వింటూ, తెర మీద అచ్చు ప్రతి చూస్తూ, చదివినాయన ఎక్కడ మాట మింగాడో, ఎక్కడ తప్పు పలికాడో గుర్తుపెట్టడం ఆమె పని. నెలజీతం లేదు, పనికింత అని ఇస్తారు. చెవులకూ కళ్లకూ పని, చేతులు ఖాళీ. ఖాళీ చేతులు చూసుకుంటే ఆమెకు ఏదో తప్పు చేసినట్టుంటుంది. అందుకని వాటికి ఊలూ సూదులూ ఇచ్చింది. ఇప్పుడు కుర్చీలో సగం కుట్టిన అతుకుల బొంత, బల్ల కింద మొదలుపెట్టి వదిలేసిన టోపీలు, చెవుల్లో సాయంత్రానికల్లా ఇవ్వాల్సిన పుస్తకం. ఇంట్లోనే ఉంటుంది కదా, ఆమెకేం పని అంటారు చూసినవాళ్లు. వాళ్ల నోళ్లు మూయించే ఓపిక కూడా లేదామెకు.

వీటన్నిటి మధ్యా బావ స్వెటర్ ఒకటి. మొదలుపెట్టింది కింది వాటాలో ఉండే అక్క. చిన్నదానికి అల్లిక నేర్పిందీ ఆవిడే. అందరూ వీపు ముక్కతో మొదలుపెడితే అక్క చేతులతో మొదలుపెడుతుంది. ముందు చలేసేది చేతులకేనని ఆవిడ వాదన. జడ అల్లికతో ఒక చెయ్యి పూర్తి చేసిందో లేదో, వేళ్ల కీళ్లు బిగుసుకుపోయాయి. ఇక సూది పట్టుకోలేవని డాక్టరు తేల్చేశాడు.

"మిగతాది నువ్వు కానిచ్చెయ్యవే. ఇదొక్కటే నా చేత్తో చేసింది. ఇంక నావల్ల కాదు, జాగ్రత్త," అని అక్క ఆ చెయ్యి ఆమె ఒళ్లో పెట్టింది.

ముందు ముక్కా, వెనక ముక్కా, రెండో చెయ్యీ ఎన్ని పుస్తకాలు వింటూ అల్లిందో చిన్నదానికే గుర్తులేదు. ఇవాళ అన్నీ కలిపి కుట్టేస్తే పని అయిపోతుంది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానిలో, మణికట్టుకి కాస్త పైన, జడపాయ తిరగబడి ఉంది. కిందనుంచి రావాల్సింది పైనుంచి వచ్చింది.

నా మొహంలా ఉంది, అనుకుంది. తప్పు కనబడితే అది తనదే అనుకోవడం ఆమెకు ఎప్పటినుంచో ఉన్న జబ్బు. అక్క అల్లికలో తప్పేమిటి! ఉసూరుమంటూ కొస ముడి విప్పి లాగడం మొదలుపెట్టింది. చెవుల్లో పుస్తకం నడుస్తూనే ఉంది, కళ్లు తెర మీదే ఉన్నాయి. నెలలు పట్టిన పని చులాగ్గా వచ్చేస్తోంది. విప్పుకుంటూ అల్లిక మొదలైన వరసకొచ్చేసరికి ఊలు రెండు పోగులుగా వచ్చింది.

చెయ్యి ఆగిపోయింది. అంచు సాగకుండా మొదటి వరస రెండు పోగులతో వేసేది అక్క. తనకెప్పుడూ అంత ఓపిక లేదు.

చదివేవాడి నోరు నొక్కేసి, ఒళ్లో వంకీలు తిరిగిన ఊలు గుట్టని చూస్తూ ఉండిపోయింది. మళ్లీ అల్లేస్తే అక్కకేం తెలుస్తుంది? తనకే తెలియలేదు కదా! తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంటే సరి. కానీ బావ అది తొడుక్కున్నప్పుడల్లా అక్క ఆ చెయ్యి నిమురుతుంది. అప్పుడు తన మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

ఊలంతా చీరకొంగులో వేసుకుని కిందికి దిగింది.

అక్క ఒళ్లో ఊలు పోసి, జరిగింది చెప్పేసింది. అక్క ఆ ఊలు చేత్తో తడిమి చూసింది.

"పాయ తిరగబడిందా, మణికట్టు దగ్గర?" అంది.

"నీకు తెలుసా?"

"తెలుసు. విప్పితే మళ్లీ అల్లగలనో లేదో అని భయమేసి వదిలేశా. అదొక్కటే కదే నాది."

చిన్నది వెక్కివెక్కి ఏడ్చింది. "నాదనుకున్నానక్కా. తప్పుందని నాదనుకున్నా."

అంతలో ఫోను మోగింది. పుస్తకాలు పంపే ఆఫీసాయన. "ఇంట్లోనే ఉన్నారుగా మేడమ్, ఇంకా కాలేదా?"

"ఇవాళ కాదండీ," అని పెట్టేసింది. ఆ మాట అనడం ఆమెకిదే మొదలు. ధైర్యమొచ్చి కాదు, ఒంట్లో ఓపిక అయిపోయి అంది.

"మళ్లీ అల్లుతానక్కా."

"అల్లు. కానీ చెవులు వాళ్లకిచ్చి, చేతులు నాకియ్యకు. ఇక్కడ, నా ఎదురుగా కూర్చుని అల్లు."

అని అక్క ఆ ఊలు కొస వెతికి ఉండ చుట్టడం మొదలుపెట్టింది. వంగని వేళ్ల మధ్య నుంచి పోగు జారిపోతోంది. మళ్లీ పట్టుకుంటోంది. చూడలేక చిన్నది చెయ్యి చాపింది.

"ఇలా తే అక్కా, నేను చుడతా. నొప్పి కదా?"

"నొప్పే," అంది అక్క, ఊలు తన వైపు లాక్కుంటూ. "నన్ను చుట్టనీ."