పీతలు రాని తుఫాను

ఈ తీరం పొడుగునా తుఫాను కబురు నాకంటే ముందు తెలిసినవాడు ఇంకా పుట్టలేదు. రేడియో కూడా నన్నడిగే చెప్పేది. నేను ఒకసారి తుమ్మితే పడవలు లంగరు వేసేవి. రెండుసార్లు తుమ్మితే వీధులే ఖాళీ.

ఈ విద్యలో నా గురువులు పీతలు. మా భవనం వెనక చిత్తడి నేల ఉండేది. పెద్ద నీరు వచ్చే ముందు పీతలు బొరియలు వదిలి, పెళ్ళివారిలా బారులు తీరి మా మెట్లెక్కేవి. అవి కనిపించగానే నేను "ఎత్తండి!" అని కేక వేసేవాణ్ణి. కింది వాటాల సామానంతా మేడెక్కేది. అలా మా భవనంలో ఒక అలవాటు పడిపోయింది: మబ్బు పడితే చాలు, అందరూ నా నోటివంక చూడడం.

పోయిన ఏడాది తుఫానుకూ అలాగే చూశారు. కింది వాటాలో కుట్టుపనావిడ బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. గదినిండా మిషన్లు, గోడవారన గుడ్డ తానులు, మడత పెట్టిన తెల్ల చొక్కాలు. అది బడులు తెరిచే వారం. మిషన్లు పైకి మోస్తే పని ఆగుతుంది. చొక్కాలు వేళకు అందకపోతే బడి పని చేజారుతుంది. మోయకపోతే, నీళ్ళొస్తే, అసలుకే మోసం.

"బాబాయ్‌గారూ, ఎత్తమంటారా?" అంది, పళ్ళమధ్య గుండుసూది తియ్యకుండానే.

బడిలో సైన్సు చెప్పే మా అమ్మాయి అక్కడే ఉంది. "ఎత్తెయ్యి వదినా. హెచ్చరిక ఇచ్చారుగా" అంది.

"హెచ్చరికలకేం, ఇస్తూనే ఉంటారు. పీతలేవీ? ఒక్కటైనా మెట్టెక్కిందా?" అన్నాను.

"ఇది నీ కాలపు సముద్రం కాదు నాన్నా. బొగ్గూ పెట్రోలూ కాల్చిన పొగ భూమికి దుప్పటి కప్పినట్టయింది, లోపలి వేడి బయటికి పోదు. ఆ వేడి చాలావరకు సముద్రమే తాగింది. వెచ్చటి నీళ్ళే తుఫానుకు మేత. వేడిగాలి తడిని ఎక్కువ మోస్తుంది, మోసిందంతా ఒక్కచోట కుమ్మరిస్తుంది. సముద్రమట్టమూ పెరుగుతోంది. ఇక మన కాలువ నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

"దుప్పటి కప్పారా? మరి తెల్లారుజామున నాకు చలెందుకేస్తోందే?"

కుట్టుపనావిడ పక్కున నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఊపొచ్చింది. "మిషను తొక్కమ్మాయ్! ఈ తుఫాను నా చెప్పు కూడా తడపదు" అన్నాను.

నా మాట మీద ఆమె తొక్కింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నంలో చెయ్యి పెట్టానో లేదో, కాలువ ఎదురు తిరిగింది. సముద్రం పోటు మీద ఉండి కాలువ నీళ్ళను తనలోకి రానివ్వలేదు. వాన ఆగలేదు. నేను కిందికి దిగేసరికి కుట్టుపనావిడ చొక్కాల కట్ట నెత్తిన పెట్టుకుని మోకాలి లోతులో నిలబడి ఉంది. మిషన్ల మోటార్లు మునిగిపోయాయి. మిగతా చొక్కాలు టీ రంగుకు తిరిగి గదంతా ఈదుతున్నాయి.

అప్పుడు ఒక పీత నీళ్ళలోంచి లేచి, మెట్టెక్కి, "ఆలస్యమైంది పెద్దాయనా, దారిలో మేడలు అడ్డొచ్చాయి" అన్నట్టు నా మొహం మీదికి కొండి ఊపింది.

నీళ్ళు తీశాక మా అమ్మాయి నన్ను వెనక కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. "నీ పీతలు ఎక్కడుండేవి నాన్నా?"

చూశాను. రోజూ చూసే కిటికీయే. చిత్తడి నేల మీద మట్టి కప్పి లేపిన కొత్త మేడలు, సిమెంటు ఆవరణలు, కార్లు. ఊరు పెరిగింది. పెద్ద వానకు నీళ్ళు తలదాచుకునే చోటు పోయింది, దానితోపాటే పీతల ఇల్లూ పోయింది. లేని పీతలు రాలేదని నేను అభయమిచ్చాను. గుడ్డికన్ను తెరిస్తే ఎంత, మూస్తే ఎంత!

కిందికెళ్ళాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. "మీరేం చేస్తారు బాబాయ్‌గారూ. ఈ కొస పట్టుకోండి" అని తడిసిన తాను నా చేతికిచ్చింది. ఇద్దరం మెలిపెట్టి పిండాం. బురదనీళ్ళు నా చెప్పుల మీదే పడ్డాయి. బడి పని ఇంకొకరికి పోయింది. ఇప్పుడామె పాత బట్టలకు కుట్లు వేస్తోంది.

నిన్న మళ్ళీ మబ్బు పట్టింది. ఆమె మేడెక్కి వచ్చింది. నేను గొంతు సవరించుకున్నాను. ఆమె నన్ను దాటుకుని మా అమ్మాయి దగ్గరికి వెళ్ళింది.

"ఎత్తమంటావా?"

"ఎత్తెయ్యి వదినా."

నేను కిందికి దిగి, బాగుచేయించిన మిషనుకు ఒక పక్క చెయ్యి వేశాను. "నడుం జాగ్రత్త బాబాయ్‌గారూ" అంది. మిషను బరువు మోయగలిగాను గానీ, ఆ మర్యాద మోయలేకపోయాను.

ఇక నా తుమ్ములంటారా, అవన్నీ పడిశం తుమ్ములే. మీరు మొదట్లోనే పట్టేసి ఉంటారు. మీరు నమ్మి ఉంటారేమోనని భయపడేది కొండి ఊపిన పీత గురించే. అది నేను కల్పించాను. ఆ నీళ్ళలో ఒక్క పీతయినా లేదు. కింద నిలబడి ఆమె నావంక చూస్తుంటే, చూపు తిప్పుకోవడానికి ఏదో ఒకటి కావలసి వచ్చింది.