కార్డు కింద సంతకం

ఊరికే వచ్చేదాన్ని నేను నమ్మను. ఛాంపియన్‌షిప్ ముగిసిన మర్నాడు మా మేనేజర్ పనివాళ్లందరినీ పిలిచి, అదే గోల్ఫ్ కోర్సులో మూడు గుంతలు ఆడుకోండి, గెలిచినవాడికి ఇంటికి టికెట్, నెల సెలవు అన్నాడు. ఇందులో ఏదో మతలబు ఉందనుకున్నాను.

అయినా పేరిచ్చాను. పోయిన సెలవు తర్వాత నేను సౌదీకి తిరిగొచ్చాక పుట్టిన నా కూతురికి ఇప్పుడు ఏడాదిన్నర. వీడియోలో నన్ను చూసి "బాపూ" అంటుంది. కాల్ కట్ అయ్యాక కూడా ఆ ఫోన్‌నే పట్టుకుని "బాపూ" అంటుందట. చెబుతూ మా ఆవిడ సరళ నవ్వుతుంది, నాకు మాత్రం నవ్వు రాదు. నా మామూలు సెలవుకు ఇంకా ఎనిమిది నెలలుంది.

నాకు జోడీ కాలేషా. కడప మనిషి, ఆఫీసులో క్లర్కు. ఈ దేశంలో ఉండనిచ్చే మా అందరి ఇకామా కాగితాలూ అతని చేతిలోనే ఉంటాయి. కోరి మరీ నా పక్కన పేరు రాయించుకున్నాడు. ఎందుకో?

ఈ ఆటలో తక్కువ దెబ్బల్లో ముగించినవాడు గెలిచినట్టు. అయితే ఎవడి దెబ్బలు వాడు రాసుకోకూడదు. నావి కాలేషా రాయాలి, అతనివి నేను. చివర్లో రెండు కార్డుల మీదా ఇద్దరం సంతకాలు పెట్టాలి.

మొదటి గుంత దగ్గరే నా బంతి ఇసుకలో పడింది. ఐదేళ్లుగా ఆ ఇసుకను చదును చేసేది నేనే, ఆ గడ్డి కోసేదీ నేనే. ఒక్క దెబ్బకు బయటికి లేపాను.

"శెబ్బాష్ నర్సింలన్నా!" అని కాలేషా చప్పట్లు కొట్టాడు. నేను బాగా ఆడితే ఇతనికేం ఒరుగుతుంది?

రెండో గుంత దగ్గర అతను ఆగి, "నాకు ఇంకొకటి ఎక్కువ రాయన్నా. కర్ర తగిలి బంతి కదిలింది" అన్నాడు.

"నేనైతే సూడలే."

"నేను చూసినా గదా!"

తన మీద తనే ఒకటి వేసుకునేవాడిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నన్ను నమ్మించడానికే ఈ నాటకం అని తేల్చుకున్నాను.

మూడు గుంతలూ అయ్యేసరికి నావి పద్నాలుగు, అతనివి పదిహేను. మిగతా వాళ్లలో పద్దెనిమిదికి తక్కువ ఎవరికీ లేదు. అతని కార్డు నా చేతిరాతే కాబట్టి సంతకం చేశాను. తర్వాత నా కార్డు ఇచ్చాడు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. కింద ఖాళీలో మాత్రం నా ఇకామా నంబరు రాసి ఉంది.

"ఆటకు ఇకామా నంబర్ ఎందుకు భాయ్?"

"పనుందిలేప్పా, తర్వాత చెప్తా. ముందు సంతకం పెట్టు."

నా ఒళ్లు మండింది. ఏడేళ్ల కింద ఇదే సౌదీలో, రాబిగ్ అనే ఊళ్లో, నా పాత కంపెనీ ఫోర్‌మన్ అన్నదీ అదే మాట. ఛుట్టీ కాగితమని చెప్పి అరబీ కాగితం మీద నాతో సంతకం పెట్టించాడు. సెలవు అయ్యాక తిరిగి బయల్దేరితే ఎయిర్‌పోర్టులో తెలిసింది, అది ఖురూజ్ అని, నన్ను పూర్తిగా పంపేశారని. అప్పటినుంచి నాకు అర్థం కాని రాత కింద నేను వేలు కూడా పెట్టలేదు.

"సంతకం లేకుంటే కార్డు చెల్లదన్నా" అని మూడుసార్లు చెప్పాడు కాలేషా. మూడుసార్లు చెప్పాడు కాబట్టే నేను పెట్టలేదు. అలాగే తీసుకెళ్లి మేనేజర్ బల్ల మీద పడేశాను.

మేనేజర్ నా కార్డు అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టాడు. గెలిచింది కాలేషా అని చెప్పి, బహుమతి కవరు అతని చేతిలో పెట్టాడు. కాలేషా నన్ను చూపిస్తూ ఇంగ్లీషులో చాలాసేపు వాదించాడు. మేనేజర్ తల అడ్డంగా ఊపాడు.

కాలేషా ఆ కవరు పట్టుకుని నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నువ్వే గెలుస్తావని మొదటి గుంత కాడే తెలిసిపోయింది నాకు. టికెట్ బుక్ చేయాలంటే ఇకామా నంబర్ కావాల గదా, అందుకే రాసినా. ముందే నోటితో అంటే దిష్టి తగుల్తాదని చెప్పలేదప్పా."

అతని కళ్లలోకి సూటిగా చూశాను. ఎంత వెతికినా అబద్ధం దొరకలేదు.

సాయంత్రం సరళ వీడియో కాల్ చేసింది. పిల్ల ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఇంకో ఎనిమిది నెలలు దాని బాపు ఆ ఫోనే.